కిటికీ అట్ట

చీర పెట్టె మూతను నేల మీద పరిచి, స్టీలు స్కేలు ఆనించి, హన్నా టీచర్ బ్లేడుతో నాలుగో గాటు పెట్టింది. జానెడు పొడవు, చిటికెన వేలంత వెడల్పు ఉన్న ముక్క ఊడివచ్చింది. అట్ట మధ్యలో సన్నని కిటికీ మిగిలింది. పుస్తకం మీద పెడితే అందులోంచి ఒక్క వరుసే కనబడుతుంది, పైదీ కిందదీ కనబడవు. పిల్లల వేళ్ళు గీరుకోకుండా అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, ఊది, సంచిలో పెట్టుకుంది.

చదవబోతే అక్షరాలు కళ్ళముందు కుదురుగా నిలబడని పిల్లలకు చదువు చెప్పడం ఆమె పని. వారానికి ఐదు బళ్ళు, రోజుకొకటి. ఉద్యోగం కాంట్రాక్టుది. ఏ బడి గ్రూపు ఫొటోలోనూ ఆమె లేదు, ఫొటో తీసిన రోజున ఎప్పుడూ వేరే బడిలో ఉండేది. ఇరవై రెండేళ్ళుగా సంచి మోసి మోసి ఎడమ భుజం ఒక అంగుళం కిందికి జారింది. మంగళగిరి బట్టల కొట్లవాళ్ళు మాత్రం ఆమెను గుర్తుపడతారు. ఖాళీ చీర పెట్టెలు విడిగా తీసి ఉంచుతారు.

ఆ కిటికీ ఆమె కనిపెట్టింది కాదు, తమ్ముడు పాల్‌ది. అతను ఆటోనగర్‌లో లారీల మీద పేర్లు రాసేవాడు. చదవడం రాదు. బళ్ళో బెత్తం దెబ్బలూ, ఇంట్లో అక్క "మొద్దబ్బాయ్" అని పిలిచిన పిలుపులూ పడి ఐదో తరగతిలో మానేశాడు. ఓనరు కాగితం మీద రాసిచ్చిన పేరు మీద కన్నం కోసిన అట్ట పెట్టుకుని, ఒక్కొక్క అక్షరాన్నే బొమ్మలా చూసి గీసేవాడు. "అన్నీ ఒకేసారి మీదకొస్తయ్యక్కా. ఒక్కోదాన్నే రమ్మంటే వస్తయ్" అన్నాడొకసారి. అప్పటికామె టీచరై మూడేళ్ళు. పాల్ పోయి నాలుగేళ్ళయింది. అతను గీసిన పేర్లు ఇంకా కొన్ని లారీల మీద తిరుగుతూనే ఉన్నాయి.

ఆ రోజు భానుశ్రీని ఆసుపత్రిలో డాక్టర్ల బోర్డుకు చూపించాలి. మంగళగిరి నేతవాళ్ళ పిల్ల, తొమ్మిదో తరగతి. మగ్గం మీద తెగిన పోగును చూడకుండానే అతికేస్తుంది. పుస్తకం తెరిస్తే అరచేతులు తడుస్తాయి. బోర్డు సర్టిఫికెట్ ఇస్తే వచ్చే ఏడు పదో తరగతి పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించే మనిషి వస్తాడు, గంట టైము ఎక్కువిస్తారు. ఇవ్వకపోతే పరీక్ష తప్పుతుంది. తప్పే పిల్లను చదివించనని, గుంట మగ్గంలో కూర్చోబెడతానని తండ్రి రాంబాబు ముందే చెప్పేశాడు.

తల్లి చౌడేశ్వరమ్మ కూతురికి కొత్త లంగా ఓణీ కట్టించి తీసుకొచ్చింది. ఆసుపత్రి వరండాలో మూడు గంటలు నిలబడ్డారు. ఊడ్చే ఆవిడెవరో తన స్టూలు తెచ్చి పిల్లకు వేసి వెళ్ళిపోయింది. చౌడేశ్వరమ్మ పులిహోర డబ్బా విప్పి ముందు టీచర్‌కే పెట్టింది.

"తినండి మేడమ్. మీరింత మొహం వేలాడేసుకుంటే పిల్ల జడుసుకుంటది."

పేరు పిలిచారు. బోర్డు తరఫున చూసే డాక్టరు కుర్రవాడే, కళ్ళ కింద నల్లబడి ఉంది. నాలుగో తరగతి తెలుగు పుస్తకం తీసి మొదటి పాఠం చదవమన్నాడు.

భానుశ్రీ చదివింది. తడబాటు లేదు, ఆగడం లేదు, కామా దగ్గర గాలి పీల్చుకుని మరీ గడగడా చదివింది.

హన్నా పిల్ల కళ్ళవైపు చూసింది. అవి పుస్తకంలో లేవు, గోడమీద ఉన్నాయి. పక్కనే చౌడేశ్వరమ్మ పెదవులు కూడా అవే మాటలకు కదులుతున్నాయి. పిల్ల బెదరకూడదని, ఏ పుస్తకం ఇస్తారో ఏ పాఠం అడుగుతారో పోయిన వారం హన్నానే చెప్పింది. డాక్టరు ముందు కూతురి పరువు పోకూడదని తల్లి ఎవరిచేతో పాఠం చదివించుకుని వారమంతా వల్లె వేయించింది.

"బానే చదువుతుంది కదమ్మా. బయట ఎంతమంది ఉన్నారో చూశారా?" డాక్టరు ఫైలు మూయబోయాడు.

చౌడేశ్వరమ్మ ముఖం వెలిగిపోయింది.

"ఒక్క నిమిషం సార్" అంది హన్నా. సంచిలోంచి కొత్త అట్ట తీసి అదే పాఠం మూడో పేజీ మధ్యలో పెట్టింది. కిటికీలో ముందూ వెనకా లేని ఒక్క వరుసే మిగిలింది, బట్టీ పట్టింది ఇక్కడ పనికిరాదు. "ఇది చదువమ్మా."

భానుశ్రీ తలెత్తి టీచర్ వైపు చూసింది. మళ్ళీ కిందికి చూసింది. బడిలో అయితే ఈ కిటికీలోంచి రెండు మాటలైనా కూడబలుక్కునేది. ఇప్పుడు అదీ రాలేదు. బొటనవేలు అట్ట అంచును గట్టిగా నొక్కింది. 

"నిన్న వచ్చింది గదే! చెప్పవే!" అంది తల్లి.

హన్నా అట్టను ఇంకో వరుస మీదికి జరిపింది, తర్వాత మరో వరుస మీదికి. తన గొంతు తనకే పాల్‌ను ఎగతాళి చేసిన గొంతులా వినిపించింది. మూడో వరుస దగ్గర పిల్ల కన్నీళ్ళు పుస్తకం మీద పడ్డాయి. డాక్టరు గొంతు తగ్గించి, "చాలమ్మా, చాల్లే" అని రాయడం మొదలుపెట్టాడు.

సర్టిఫికెట్ చేతికొచ్చింది. బస్టాండు బెంచీ మీద కూర్చుని హన్నా దాన్ని చదివి, అర్థం చెప్పింది. చౌడేశ్వరమ్మ అంతా విని, పక్కకు వెళ్ళి మొగుడికి ఫోను చేసి వచ్చింది.

"మేడమ్ గారూ, రేపట్నుంచి పిల్ల బడికి రాదండీ."

"అదేంటమ్మా! ఇప్పుడేగా దారి దొరికింది!"

"డాక్టర్లే ముద్దర గుద్ది మరీ ఇచ్చారు గదండీ, చదవలేదని. ఇంక ఆయన్నేమని ఒప్పించను?"

"అది చదువు రాదని కాదమ్మా, ఇంకోలా చదివించమని."

"మీరు చదువుకున్నోళ్ళు, మీకట్టా కనబడుద్ది. మాకు ముద్దరంటే ముద్దరేనండీ." ఆమె కాగితం మడిచి కవర్లో దోపుకుంది. "మీరు మాత్రం మా కోసం చానా తిరిగారు. మీ రుణం ఉంచుకోం. దసరాకి జాకెట్టు గుడ్డ నేయించి పంపిస్తా."

మంగళగిరి బస్సు వచ్చింది. తల్లి ఎక్కాక భానుశ్రీ వెనక్కి తిరిగింది. చేతిలో అట్ట ఇంకా ఉంది.

"ఆ అట్టతోనే ఎందుకు చదివించారు మేడమ్?"

హన్నా బెంచీ మీంచి లేచింది. భానుశ్రీ అట్టను బెంచీ మీద పెట్టి బస్సు మెట్టెక్కింది. కండక్టరు విజిల్ వేయబోయి, ఆ ఇద్దరినీ చూసి, ఒక్క క్షణం ఆగాడు. తర్వాత వేశాడు.

బస్సు కదిలిపోయింది. బెంచీ మీద అట్ట ఉంది. దాని కిటికీలోంచి సిమెంటు మాత్రమే కనబడుతోంది. అంచు మీద, చెమటకు మెత్తబడి లోపలికి నొక్కుకుపోయిన చోట, బొటనవేలి గుర్తు ఇంకా ఆరలేదు.