చల్లని మూసలు

"చక్రాలదేముంది, కరగబెట్టి పోస్తే అయితది" అని లింగస్వామి ఎవరడిగినా చెప్పేవాడు. భార్య సైదమ్మ లోపలి గదిలో మూసలకు ఆముదం రాస్తూ ఆ మాట వినేది.

సాగర్ డ్యాం పనికి జీపులు తిరగడం మొదలయ్యాక, హాలియాలో వడ్రంగి లింగస్వామి నాగళ్లు పక్కనబెట్టి బొమ్మ మోటార్లు పట్టాడు. తేలికపాటి పొనికి కర్రతో జానెడు జీపు చెక్కేవాడు. రంగు ఆయనదే, పేరూ ఆయనదే. చక్రాలు మాత్రం కర్రతో కుదరలేదు. అవి సైదమ్మ పొయ్యి మీదికి వచ్చాయి. గుగ్గిలం కరిగించి, పెళుసు తగ్గడానికి మైనం, నలుపుకు దీపం మసి కలిపి మట్టి మూసల్లో పోయాలి. మైనం ఎక్కువైతే ఎండకు చక్రం వంగుతుంది. తక్కువైతే మూస విప్పేటప్పుడే పగులుతుంది. మూస చల్లగా ఉంటే చక్రం నిండా బుడగలు. పొయ్యి దగ్గర కాస్తే గుగ్గిలం మూసకే అతుక్కుపోతుంది. ఎంత వెచ్చదనం కావాలో ఒకప్పుడు వేళ్లతో చూసేది. కాలీ కాలీ వేళ్ల కొసలు మొద్దుబారాయి. అప్పటినుంచి మూసలను గుడ్డలో చుట్టి, పొట్టకు ఆనించుకుని, కొంగు కప్పి కూర్చునేది. పొట్ట చెప్పేది.

అత్త గోపమ్మకు అది ఆట. "ఏందే, పొదుగుతున్నవా? జీపు పిల్లలన్న పుడ్తయేమో జర చూడు" అనేది వచ్చినవాళ్ల ముందు. పిల్లలు లేని సైదమ్మకు మొదట్లో ఆ మాట పడుకునేదాకా గుచ్చుతూ ఉండేది. తర్వాత, వేళ్లకు వేడి తెలియనట్టే, అదీ తెలియకుండా పోయింది. ఒకసారి దవాఖానకు పోదామని భర్తకు వేళ్లు చూపించింది. "వంటకేం అడ్డం లేదు గద" అన్నాడాయన, చూడకుండానే. తనకు కోపం వస్తుందేమోనని ఆమె చూసింది. రాలేదు. లేచి బువ్వ వడ్డించింది.

చలికాలం పొద్దున హైదరాబాదు నుంచి బొమ్మల దుకాణం దశరథం వచ్చాడు. ఒక చక్రాన్ని వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు. బుడగన్నది లేదు. కళ్లముందు పోసి చూపిస్తే ఏడాది పొడుగునా సరుకు తానే ఎత్తుతానన్నాడు. బయటి మగవాళ్లుంటే ఆ ఇంటి కోడలు అరుగు మీదికి రాదు. లింగస్వామి కుంపటి, గిన్నె, గూట్లోని మూసలు పట్టుకుపోయి తానే కూర్చున్నాడు.

మొదటి చక్రం జల్లెడలా వచ్చింది. మంట పెంచి మళ్లీ పోశాడు. అదీ అంతే. దశరథం సంచి సర్దుకోసాగాడు. లింగస్వామి తలుపు చాటున ఉన్న భార్య దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏం తక్కువైంది? జల్ది చెప్పు."

ఇన్నేళ్లూ ఆమె మూసలు పొట్టకు ఆనించుకుని కూర్చోవడం చూశాడు. ఎందుకు కూర్చుంటుందో అడగలేదు. ఒక్క ముక్కలో చెప్పొచ్చు. చెబితే రేపటినుంచి ఆ పనీ ఆయనదే. తనకు మిగిలేది బువ్వ, బోళ్లు. సైదమ్మకు సంతోషమూ లేదు, పంతమూ లేదు. నోరు మాత్రం తెరుచుకుంది.

"ముందట కూసుండి నేనే పోస్త. తలుపెనుక నుంచి చెప్ప."

బయటోళ్లున్నరని గోపమ్మ గొణిగింది. లింగస్వామి తల్లిని చూశాడు, అరుగు వైపు చూశాడు. గిన్నెలో గుగ్గిలం గడ్డకడుతోంది. సైదమ్మ తొందరపడలేదు.

గడపకు అడ్డంగా ఉన్న తన కాలు ఆయనే తీశాడు.