చూసినా

‘స్వాగతం’ అన్న మాటలో విడిపోయిన వ-వత్తును గోపన్న మళ్లీ ‘స’ కిందికి చేరుస్తున్నాడు. ఫోన్లో వచ్చిన తెలుగును పాత ఫాంటులోకి మార్చగానే వత్తులన్నీ చెల్లాచెదురవుతాయి. ఒకటి పక్క అక్షరం కిందికి దూరుతుంది, ఇంకొకటి అసలు కనపడకుండానే పోతుంది. వాటిని వెతికి పట్టుకొచ్చి ఎక్కడివక్కడ కూర్చోబెట్టడం గోపన్న పని. పొద్దున్నుంచి ఇది నాలుగో కరపత్రం.

మనిషి పొట్టి. మౌసు పట్టీ పట్టీ కుడి భుజం కాస్త కిందికి జారింది. బొటనవేలి గోరు పక్కన చిన్న నల్లమచ్చ ఉంది. కడపలో ప్రెస్సులో సీసపు అక్షరాలు ఏరినప్పుడు పడ్డ మచ్చ అది, ఎన్ని సబ్బులు అరగదీసినా పోలేదు.

వేంపల్లె బస్టాండు వెనక వీధిలో, ఎరువుల అంగడికీ చెప్పుల అంగడికీ మధ్య పెంచలయ్యశెట్టి ఫ్లెక్సీల షాపు ఉంది. వెనక గదిలో యంత్రం, ముందు గదిలో రెండు కంప్యూటర్లు. గోడవైపుది గోపన్నది, వీధివైపుది సుజనది. అసలు బాధంతా అక్కడే. గుమ్మం ఎక్కిన ప్రతివాడూ ముందు వీధివైపు కంప్యూటరు దగ్గరే ఆగుతాడు. “సుజనమ్మా, మా నాయన ఫోటో ఇది, రోంత చూడు తల్లీ” అంటాడు. గోడవైపు తల తిప్పి, “బాగుండావా గోపన్నా?” అని ఊరికే పలకరిస్తాడు. ఆ పలకరింపు వింటే గోపన్నకు ఒళ్లు మండుతుంది. బాగుండక ఏమైంది!

సుజన వచ్చి రెండేళ్లయింది. ఇరవయ్యారేళ్ల పిల్ల, కడపలో ఆరునెలల కోర్సు చేసింది. సన్నటి వేళ్లు, ఎప్పుడూ తడి ఆరని జడ. పని చేస్తున్నప్పుడు కింది పెదవిని పళ్లతో పట్టుకుంటుంది. పెళ్లి గుంపులో ఎక్కడో మూలన, వేలి గోరంత ఉన్న, ఇప్పుడు బతికిలేని ముసలామె ముఖాన్ని పట్టుకొచ్చి, వెంట్రుక వెంట్రుకనూ విడదీసి, పక్కవాళ్ల భుజాలు చెరిపి, చెదలు కొట్టిన చెంపను రెండో చెంప చూసి నింపుతుంది. అచ్చు తీసి చేతికిస్తే, మీసాలున్న మగవాళ్లు కూడా కండువా ముఖానికి అడ్డం పెట్టుకుంటారు. అది చూసినప్పుడల్లా గోపన్న తల గోడవైపుకు తిప్పుకుంటాడు. ముప్పై ఏడేళ్లుగా ఈ పనే చేస్తున్నాడు, అతని పేజీ చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాడు ఈ భూమ్మీద ఒక్కడు లేడు. మార్జిన్లు సమంగా ఉన్నాయని ఎవరేడుస్తారు? వరసల మధ్య జాగా కుదిరిందని ఎవరు ముక్కు చీదుకుంటారు?

ఒక్క గౌరవం మాత్రం మిగిలింది. చాలా ఏళ్ల కిందట ఈ షాపులోనే, బతికున్న సర్పంచి పుట్టినరోజు బోర్డు మీద ‘జన్మదినం’ ఉండాల్సినచోట ‘వర్ధంతి’ అని పడింది. సర్పంచి మనుషులు వచ్చి షాపు అద్దాలు పగలగొట్టిపోయారు. ఆ రోజు నుంచి పెంచలయ్యశెట్టి ఒక కట్టుబాటు పెట్టాడు. గోపన్న చూసి, “చూసినా” అని నోటితో అంటే తప్ప ఏ బోర్డూ వెనక గదిలోకి పోకూడదు. సుజన ఎంత గొప్పగా చేసినా సరే, కుర్చీ వెనక్కి తిప్పి, “అన్నా, చూస్తావా?” అని అడగాల్సిందే. ఆ అడగడం కోసమే గోపన్న రోజూ తొమ్మిదిన్నరకే వస్తాడంటే అబద్ధం కాదు.

ఆ గౌరవం కూడా ఇంకెన్నాళ్లో తెలియదు. సోమవారం నాడు పెంచలయ్యశెట్టి ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు: “జనాలంతా ఫోన్లల్లోనే చేసుకుంటాండారు. వచ్చే నెల్నుంచి ఒక కంప్యూటరే పెడ్తాండా. ఎవురుండాల్నో శనివారం చెప్తా. ఏమనుకోవద్దండి.” ఇవాళ శుక్రవారం. రేపు శెట్టి ఏమంటాడో గోపన్నకు ఇప్పుడే తెలుసు. యాభై నాలుగేళ్ల వాణ్ని ఉంచుకొని, ఊరంతా మెచ్చుకునే పిల్లను ఎవడు పంపుతాడు? నాలుగు రాత్రులుగా సరిగా నిద్ర లేదు. భార్య రామేశ్వరమ్మకు ఇంకా చెప్పనే లేదు.

పదకొండు గంటలకు సుజన కుర్చీ తిప్పింది.

“అన్నా, శివప్రసాద్ వాళ్ల బోర్డు అయిపోయింది. చూస్తావా?”

గోపన్న లేచి వెళ్లి ఆమె వెనక నిలబడ్డాడు. శెనక్కాయల వ్యాపారి శివప్రసాద్ కొడుకు పెళ్లి బోర్డు అది. ఇరవై అడుగుల వెడల్పు, కల్యాణమండపం ముందర కట్టేది. మధ్యలో పెళ్లికొడుకు అజయ్, పెళ్లికూతురు నాగశ్రీ. ఎడమ మూలన, పోయిన కార్తీకంలో చనిపోయిన అజయ్ అవ్వ కన్యకమ్మ. మనవడి పెళ్లి చూడాలని ఆమె ఎంతో ఆశపడిందట, బోర్డులోనైనా మా అమ్మ దీవిస్తున్నట్టు ఉండాలని శివప్రసాద్ పట్టుపట్టాడు. ఎవరి పెళ్లిలోనో అక్షింతలు వేస్తున్న పాత ఫోటో ఒకటి ఇచ్చాడు. దాన్ని సుజన రెండు రోజులు చెక్కింది. కన్యకమ్మ పెదవుల మీద నవ్వు ఇప్పుడే మొదలైనట్టుంది. చేతిలోంచి రాలుతున్న అక్షింతలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

అబ్బ, ఎంత బాగుంది! ఆ బాగుండటమే గోపన్న గుండెల్లో కలుక్కుమంది. ముందు అక్షరాలు చూశాడు. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్క వత్తయినా తప్పు పెట్టలేదు ఈ పిల్ల! తర్వాత కన్యకమ్మను చూశాడు.

పేజీలో మూలన ఉన్న మనిషి చూపు లోపలికి ఉండాలి, బయటికి చూస్తే పేజీ విరిగిపోతుంది. ఆ మాట సుజనకు నేర్పింది గోపన్నే. పాత ఫోటోలో కన్యకమ్మ ఎడమవైపుకు తిరిగి ఉంటుంది. ఎడమ మూలన పెడితే పెళ్లికొడుక్కి వీపు చూపిస్తుంది. అందుకని సుజన ఫోటోను అద్దంలో బొమ్మలా తిప్పేసింది. చూపు లోపలికి వచ్చింది. దాంతోపాటు పైట కుడి భుజం మీదికి పోయింది, అక్షింతలు వేస్తున్న కుడిచెయ్యి ఎడమచెయ్యి అయింది.

గోపన్నకు ఒక్క లిప్త పట్టింది. సీసపు అక్షరం ఎప్పుడూ తిరగేసే ఉంటుంది, కుడిది ఎడమకు, ఎడమది కుడికి. పదిహేడేళ్ల వయసు నుంచి పదకొండేళ్లపాటు తిరగేసిన తెలుగునే చదివిన కన్ను అతనిది. తిప్పిన బొమ్మ ఏదో, తిప్పనిది ఏదో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. సుజన పెదవిని పళ్లతో పట్టుకొని, బడిపిల్ల పలక చూపించినట్టు అతని ముఖంలోకి చూస్తోంది. నా పని అక్షరాలు చూడటం, అక్షరాలు బాగున్నాయి, ఫోటోలు ఆమె సంగతి అనుకున్నాడు గోపన్న. అంత గొప్ప చేయి కదా, దాని తప్పు అదే దిద్దుకోనీ అనుకున్నాడు. రేపు శనివారం అని కూడా అనుకున్నాడు.

“చూసినా” అన్నాడు.

“అక్షరాలన్నీ బాగుండాయా?”

“బాగుండాయి. పంపియ్యి.”

వెనక గదిలో యంత్రం గరగరమంటూ మొదలైంది. గోపన్న తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ చప్పుడు వినబడుతున్నంతసేపూ వత్తులు దొరకలేదు. చిన్నపాటి సంతోషం ఒకటి లోపల కదులుతోంది, దాన్ని చూస్తే అతనికే రోతగా ఉంది. అయినా లేచి వెళ్లి ఆపలేదు.

మధ్యాహ్నం ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. గోపన్న సంగటి ముద్ద విప్పాడు. సుజన కుర్చీ దగ్గరికి లాక్కొని, తన గిన్నెలోంచి ఊరిమిండి పచ్చడి అతని మూతలో పెట్టింది.

“మా యమ్మ నూరింది అన్నా. వెల్లుల్లి శానా ఎక్కువేసింది, నీకిష్టమని.”

రుచిగా ఉంది. ఈ పిల్ల ఇంట్లో ఊరిమిండి కూడా రుచిగానే ఉండాలా అని అతనికి మళ్లీ మండింది. నీళ్లు తాగి మింగాడు.

సాయంత్రం అయిదు దాటాక శివప్రసాద్ వచ్చాడు. బండి స్టాండు కూడా సరిగ్గా వేయలేదు, అది పక్కకు ఒరిగింది. మనిషి కేకలు వేయలేదు. పెద్ద గొంతున్న మనిషి, గుమ్మంలో నిలబడి చాలా చిన్నగా మాట్లాడాడు.

“శెట్టీ, పెండ్లికూతురోళ్లంతా మండపం కాడ దిగినారు. వాళ్ల ఆడోళ్లు బోర్డు ముందర నిలబడి ఏమన్నారో తెల్సునా? ‘ఎడంచేత్తో అచ్చింతలేస్తాందే ఆ ముసలమ్మ, మా పిల్లకు ఏం శాపనార్తమో’ అన్నారు.” కండువాతో ముఖం తుడుచుకున్నాడు. “మా యమ్మ బతికున్నన్ని దినాలూ ఎడంచేత్తో ఎవురికీ నీళ్లు గూడా ఇయ్యలేదు శెట్టీ.”

పెంచలయ్యశెట్టి ముఖం నల్లబడింది. సుజన గబగబా తెర మీద బోర్డు తెరిచింది. చూసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

“అయ్యో దేవుడా… నేనే తిప్పినా. చూపు లోపలికి రావాలని తిప్పినా. చెయ్యి సంగతి మర్సిపోయినా అన్నా, నాది తప్పే.”

శివప్రసాద్ ఆ పిల్లను తిట్టి ఉంటే బాగుండేది. గంటలో కొత్తది కట్టించండని చెప్పి, ఒరిగిన బండిని లేపుకొని వెళ్లిపోయాడు.

శెట్టి ఇటు తిరిగాడు. “పిల్ల మర్సిపోయింది సరే. గోపన్న చూసినాడా, లేదా? చూడకుండా లోపలికి ఎట్ల పోయింది?”

గోపన్న నోరు తెరిచాడు. ఏం చెప్పడానికి తెరిచాడో అతనికే తెలియదు. అబద్ధం ఆడే శ్రమ కూడా ఆ పిల్ల అతనికి మిగల్చలేదు.

“అన్నకు చూపియ్యలేదు సార్” అంది సుజన. “బిరీన అయిపోవాలని నేనే పంపిస్తి.”

“కట్టుబాటు తెల్సు గదా?”

“తెల్సు.”

“రేపటి దాంక ఎందుకులేమ్మా” అన్నాడు శెట్టి నేల చూస్తూ. “నీకు యాడన్నా పని దొరుకుతాది. గోపన్నా, నువ్వు అది సరిచేసి లోపలికి పంపు.”

గోపన్న సుజన కుర్చీలోనే కూర్చున్నాడు. కన్యకమ్మను ఒక్క నొక్కుతో వెనక్కి తిప్పాడు. కుడిచెయ్యి కుడిచెయ్యి అయింది. ఆమెను ఎడమ మూల నుంచి కుడి మూలకు జరిపాడు, చూపు తనంతట తానే లోపలికి వచ్చింది. కుడి మూలనున్న శుభలేఖ పద్యాన్ని ఎడమకు సర్దాడు. అంతా కలిపి అయిదు నిమిషాల పని. పొద్దున పదకొండు గంటలకు చెప్పి ఉంటే ఈ అయిదు నిమిషాలూ సుజనే చేసుకునేది, నవ్వుకునేది, “నువ్వు లేకపోతే ఏమయ్యుండునో అన్నా” అనేది.

కంప్యూటరు తనకే ఉంటుంది. రామేశ్వరమ్మకు ఏమీ చెప్పనక్కర్లేదు. సంతోషం రావాలి కదా, రాలేదు. నాలుక మీద మధ్యాహ్నపు ఊరిమిండి ఘాటు ఇంకా ఉన్నట్టుంది.

సుజన సామాను సర్దుకుంటోంది. నీళ్ల సీసా, చున్నీ, ఫోను తీగ. చెప్పులేసుకొని గుమ్మం దిగింది. గోపన్న వెనకనే వీధిలోకి వచ్చాడు.

“అట్ల చెప్తివేల సుజనా? నాకు చూపిస్తివి గదా.”

ఆమె అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. “ఇంగేం చెప్పాల అన్నా? నువ్వు చూసి గూడా కనుక్కోలేదని తెలిస్తే, కండ్లు పోయినాయని నిన్నే పొమ్మంటాడు శెట్టి. నేనింకా చిన్నదాన్ని, పులివెందుల్లోనో కడపలోనో దొరుకుతాది. ఈ వయసులో నీకు యాడ దొరుకుతాది?”

“నా కండ్లకేమైంది?”

“రెండు నెలల్నుంచి చూస్తాండా. కాగితం ముక్కు కాడ పెట్టుకొంటావు. తెర మీదికి వంగిపోతాండావు. మా నాయన గూడా ఇట్లే, ఏం కాలేదు ఏం కాలేదంటానే ఆపరేషన్ దాంక తెచ్చుకున్యాడు.”

కాగితం ముక్కు దగ్గర పెట్టుకోవడం ప్రెస్సు రోజుల అలవాటు. తెర మీదికి వంగేది ఆమె పనిలో తప్పు దొరుకుతుందేమోనని. ఈ రెండు నెలలూ అతను ఆమెను ఓర్వలేక కళ్లల్లో నిప్పులు పోసుకుంటుంటే, ఆమె ఆ కళ్లను చూసి జాలిపడింది! ఆ జాలి చెంప మీద కొట్టినట్టు తగిలింది. గోపన్న మెడ వంగిపోయింది. తర్వాత, ఆ రోజుకు మొదటిసారి, అసలు నిజం చెప్పాడు.

“నేను చూసినానమ్మా. పొద్దున్నే చూసినా.”

సుజన నవ్వింది. మెల్లగా అతని మోచెయ్యి పట్టుకుంది.

“చూసినావులే అన్నా. చూసినా కనపడకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు?”

వీధి చివర బస్సు హారన్ మోగింది. ఆమె చున్నీ సర్దుకొని పరుగెత్తి బస్సెక్కింది. మళ్లీ చెప్పడానికి గోపన్న రెండడుగులు వేశాడు కానీ, అప్పటికే కండక్టరు తలుపు వేసేశాడు.

లోపల యంత్రం ఆగింది. శెట్టి కొత్త బోర్డును చుట్టి భుజాన వేసుకొని మండపానికి బయల్దేరాడు, పోతూ పోతూ ఆ రెండో కంప్యూటరు ఆపేయమన్నాడు. గోపన్న వీధివైపు బల్ల దగ్గరికి వెళ్లాడు. తెర ఆపాడు, వైరు పీకాడు. కీబోర్డు పక్కన పుస్తకాల అంగడి కాగితపు సంచి ఒకటి ఉంది, దాని మీద సుజన గుండ్రటి రాత, ‘గోపన్నకు’ అని. వంచాడు. అరచేతిలోకి జారింది భూతద్దం, ఎర్ర పిడిది, మీది ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పనే లేదు.