చచ్చు తాడు

యారాడలో పెద్దవల లాగే రోజు పైడయ్య తెల్లారగట్ల నాలుగున్నరకే ఒడ్డున ఉంటాడు. డెబ్బై రెండేళ్ళు. లాగే వయసు దాటింది గనక తాడు చుడతాడు. తాడు చుట్టడం అందరికీ రాదు. చుట్ట కుడికే తిరగాలి. ఇసక దులిపి పరవాలి. మెలిక పడితే విప్పి మళ్ళీ మొదటినుంచీ చుట్టాలి. ఒకసారి ఎల్లారావు ఎడమకి చుట్టాడని పైడయ్య అతనితో ఆరేళ్ళు మాట్లాడలేదు.

పడవ వెళ్ళి వలని సముద్రంలో విల్లులా తిప్పి వదులుతుంది. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకొస్తాయి. జనం రెండు జట్లుగా లాగుతారు. వల ఒడ్డుకి చేరాక సంచి మూతి విప్పుతారు. అప్పుడు చేపలు ఎగిరెగిరి వాటంతటవే కుప్పలు పడతాయి. తాడు పట్టిన మనిషికి ఒక కుప్ప, ఎవరి కాళ్ళ ముందు వాళ్ళది. కవళ్ళు, కానాగంతలు, ఏ రకమైనా సమానంగా. పంచే పని ఎవరికీ లేదు. ఫొటో కోసం తాడు పట్టుకున్న టూరిస్టుకి పడదు. ఓ ఏడు ఎవరో ఆఫీసరు బూట్లు విప్పి మరీ పట్టుకున్నాడు, ఆయనకీ పడలేదు. ఆ రోజు కుప్ప పడినవాడికే సాయంత్రం ఊరి కూటంలో మాట. పడనివాడు కూర్చుని వినాలి. అదీ కట్టుబాటు.

రెండు వారాలుగా కుప్పలు పలచగా పడుతున్నాయి. పైడయ్య లెక్క ప్రకారం, కోడలు సీతాలు మేడ మీద గది అద్దెకిచ్చిన రోజునుంచీ.

అద్దెకొచ్చిన కుర్రాడి పేరు చిసోమో. మలావీ దేశం. నగరంలో చదువుతున్నాడు, ఇంకా ఆరు నెలల చదువుంది. ద్వారకా నగర్‌లో, దువ్వాడలో పదకొండు గదులు చూశాడు. ఫోన్లో ఖాళీగా ఉన్న గది, మనిషి గుమ్మంలో నిలబడేసరికి నిండిపోయేది. పన్నెండోది యారాడలో దొరికింది. అప్పుడు పైడయ్య ఊళ్ళో లేడు. ఉంటే అదీ నిండిపోయేది.

పైడయ్య అరుగు మీద కూర్చుని మేడ మెట్లకేసి చూస్తూ ఉంటాడు. ఆ కుర్రాడు ఐదింటికి లేస్తాడు. ఎందుకు లేస్తాడు? ఫోన్లో ఎవరితోనో ఏదో భాషలో మాట్లాడి నవ్వుతాడు. ఎవర్ని చూసి? చాలాసేపు సముద్రంలోకి చూస్తాడు. ఏం పోయిందని? ఎదురుపడితే "నమస్కారం తాతా" అంటాడు. అదీ అనుమానమే. ఊళ్ళో పిల్లలెవరూ అంత శుభ్రంగా నమస్కారం పెట్టరు.

శనివారం సాయంత్రం ఆ కుర్రాడు ఒక ఫారం తెచ్చాడు. ఇంటి యజమాని సంతకం కావాలి. సోమవారంలోగా పోలీస్ స్టేషన్లో ఇవ్వకపోతే ఇక్కడ ఉండే అనుమతి పోతుంది, చదువు మధ్యలో దేశం వదిలి వెళ్ళిపోవాలి. ఇల్లు పైడయ్య పేరు మీద ఉంది.

పైడయ్య ఫారాన్ని చేత్తో ముట్టుకోలేదు. ఎప్పుడో ఇలాంటి కాగితం మీదే వాళ్ళ నాన్న వేలిముద్ర వేశాడు. కొండ వెనక జీడితోట పోయింది. ఆ కాగితం తెచ్చినవాడి మొహం పైడయ్యకి ఇప్పటికీ గుర్తే.

"రేపు కూటంలో తేల్తాది. పొమ్మంటే పోవాల," అన్నాడు.

సీతాలు చేపల తట్ట కింద పెట్టింది. "ఎందుకు పోవాల మావా? ఏటి సేసినాడు?"

"ఏటి సేత్తాడో నీకు తెల్సా? ఏ దేశపోడో, ఏ కులపోడో."

"సిమ్మాచలం కొండకెళ్ళి అడుక్కురానా కులం?"

"నీకు ఎకసెక్కం."

మనవరాలు సాయిదుర్గ ఫోన్ పక్కన పెట్టింది. ఆ నెలలోనే ఒక హోటల్లో రిసెప్షన్ ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చింది. మార్కులు బాగున్నాయన్నారు, ఇంగ్లీషు బాగుందన్నారు, ముందు కౌంటర్‌లో కాకుండా వెనక లాండ్రీలో చేస్తావా అని అడిగారు.

"తాతా, నన్ను లాండ్రీకి ఎందుకెల్లమన్నారో నువ్వే సెప్పినావు కదా. నా రంగు సూసి అనీసి. ఆ హోటలు గోడమీద ఉమ్మీసి వత్తానన్నావు."

"అన్నాను. ఉమ్ముతాను కూడాను."

"అపార్ట్‌మెంట్‌లో నిన్ను లిఫ్ట్ ఎక్కనీలేదని నలభయ్యేళ్ళనించి ఆ ఈది తొక్కవు. సేపల కంపన్నారని. మరి ఈడినేటి సేత్తన్నావు?"

"ఆల్లు నన్నన్నారు. నాను ఈడినంతన్నాను. రెండూ ఒకటే ఎలాగవుతాదే?"

ఆ మాట ఎటూ నిలబడక వీధిలోకి పోయింది. చిసోమో మెట్ల మీదే నిలబడి అంతా విన్నాడు. అతనికి తెలుగు వాళ్ళనుకున్నదానికంటే ఎక్కువ వచ్చు.

"తాతా, మా నాన్నకీ చేపల పనే. మా చెరువు మీ హార్బర్లో ఉన్న ఓడలన్నీ పట్టేంత పెద్దది. మా ఊళ్ళో ఇండియా వాళ్ళ షాపులున్నాయి. మా అమ్మ సరుకు కొని, ఇంటికొచ్చి రెండోసారి తూస్తుంది. నమ్మదు. మా దగ్గరా అంతే."

"సూసినావా? ఈడి తల్లే మనల్ని నమ్మదంట!" అన్నాడు పైడయ్య, ఏదో గెలిచినట్టు. మెట్ల దగ్గరికొచ్చి, "రేపు వల లాగుతావా?" అన్నాడు.

"లాగుతాను."

"కుప్ప పడితే ఉండు. పడకపోతే సముద్రమే నిన్ను పొమ్మన్నట్టు."

ఆదివారం పైడయ్య నాలుగింటికే ఒడ్డుకెళ్ళాడు. నీటి అంచున ఒక గుంజ లోతుగా పాతాడు. దానికి ఒక పాత తాడు కట్టి, మీద ఇసక కప్పి, అసలు తాడుకి బారెడు దూరంలో పరిచాడు. చిసోమో రాగానే ఆ కొస చేతికిచ్చాడు. "కొత్తోడివి. నీకు యేరే తాడు."

ఎల్లారావు చూశాడు. అతని వెనకున్న తిరుమలరావు చూశాడు. పదిహేనుమంది చూశారు. అవతల వల లేని చచ్చు తాడని ప్రతివాడికీ తెలుసు. పెద్దాయనతో మళ్ళీ ఆరేళ్ళు ఎవడు పడతాడని తలలు వంచుకుని తమ తాడు లాగారు. చిసోమో మడమలు ఇసకలో దిగేసి, నడుం వెనక్కి వాల్చి, పాట అందుకున్నవాళ్ళతో పాటు ఊపిరి కలిపి గంటన్నర లాగాడు. గుంజ కదల్లేదు.

వల వచ్చింది. సంచి నిండుగా ఉంది. రెండు వారాల్లో అంత బరువు చూడలేదు. మూతి విప్పారు.

చేపలు ఎగిరాయి, పడ్డాయి, మళ్ళీ ఎగిరాయి. ఎవరివైపూ వెళ్ళలేదు. పదిహేడు మంది కాళ్ళ ముందూ ఖాళీ ఇసక.

"ఓలమ్మో, ఇదేటి?" అంది చేపలమ్మే కాసులమ్మ తట్టతో వచ్చి. "బేగి కానివ్వండి, ఆటో ఎల్లిపోతాది!"

మగవాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "నువ్వుగానీ తాడొదిలీసావేటి బావా?" అన్నాడు తిరుమలరావు. "నానా? రేత్రి తాగొచ్చినోడివి నువ్వు!" అన్నాడు ఎల్లారావు. కాకులు దిగాయి. ఎండ ఎక్కుతోంది. కుప్పలు పడందే చేప మీద చెయ్యి వెయ్యకూడదు.

"నాను సెప్పనేదా?" అన్నాడు పైడయ్య. "ఈడు ముట్టుకున్నాడు, సముద్రం ముడుసుకుపోయింది. పంపించీండి."

చిసోమో అరచేతులు చూసుకుంటున్నాడు. తోలు లేచిపోయింది.

"నా తాడు నీళ్ళలో లేదు తాతా," అన్నాడు. "చెయ్యి వేయగానే తెలిసింది. బతికున్న తాడు వణుకుతుంది. ఇది వణకలేదు."

"తెలిస్తే ఎందుకు లాగినావు?" అన్నాడు ఎల్లారావు, అడగకూడదనుకుంటూనే.

"ఈ దేశమొచ్చాక నాకు ఎక్కువమంది ఇచ్చింది ఆ తాడే. గది ఉంది రమ్మంటారు, వెళ్తే ఉండదు. ఫారం ఇస్తారు, నింపితే ఇంకో ఫారం అంటారు. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంటుంది, నిలబడ్డవాళ్ళు కూర్చోరు. ఎవరూ తిట్టరు. అందరూ చూస్తారు. నేను లాగుతూ ఉంటాను."

ఇసక మీద ఒక కానాగంత ఎగిరింది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే చిసోమో కాళ్ళ ముందు కుప్ప పడింది.

ఎల్లారావు ఒక అడుగు ముందుకేశాడు. "నాను సూసాను," అన్నాడు. "పాత తాడని సూసాను. అన్నేదు." అతని ముందు కుప్ప పడింది. "నానూ సూసాను," అన్నాడు తిరుమలరావు. పడింది. ఆ తర్వాత ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు, కొందరు గొణిగారు, ఒకడు దగ్గులో కలిపేశాడు. గొణిగినా పడింది. పదహారు కుప్పలు.

మిగతా చేపలు పైడయ్య ముందు కాసేపు కొట్టుకున్నాయి. అందరూ అతనివైపు చూశారు. అతను తాడు చుట్ట మీద ఇసక దులుపుతున్నాడు. చేపలు ఒక్కొక్కటే నీటి అంచుకి ఎగిరి అల వెంట వెళ్ళిపోయాయి.

సాయంత్రం కూటంలో ఎల్లారావు అడిగాడు, "మేడ మీద కుర్రోడు ఎల్లిపోవాలనీవోళ్ళు ఎవరైనా ఉన్నారా?" ఆ మాట అనాల్సినవాడికి ఆ రోజు మాట లేదు. మిగతావాళ్ళు అనలేదు. చిసోమోకి మాట ఉంది. "ఉంటాను," అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు.

సోమవారం పొద్దున్నే పైడయ్య సాయిదుర్గని పిలిచాడు. "ఆ కాయితం పట్రా. సదువు. ఒక్క ముక్క వదిలితే ఒప్పను."

ఆమె చదివింది. అతను ప్రతి గడి దగ్గరా ఆపాడు. ఇది ఎందుకు అడుగుతున్నారు? ఇది ఎవడు చూస్తాడు? ఇల్లు ఎక్కడా పోదు కదా? రెండోసారి మళ్ళీ మొదటినుంచీ చదివించుకున్నాడు. సీతాలు గుమ్మంలో నిలబడింది. చిసోమో మెట్ల మీద కూర్చున్నాడు, చేతులకి గుడ్డ చుట్టుకుని.

చివర్లో ఒక ఖాళీ గడి ఉంది. "అద్దెకున్నోడి గురించి ఓనరు ఏటైనా సెప్పాలంటే ఇక్కడ రాయాల," అంది సాయిదుర్గ. "ఏం లేదని గీత కొట్టీనా?"

"ఆగు."

పైడయ్య మెట్ల మీది గుడ్డ చుట్టిన చేతులకేసి చూశాడు.

"సచ్చు తాడు ఇచ్చినా లాగినాడు అని రాయి."

ఆమె రాసింది.

"ఆ తాడు కట్టినోడి పేరు కూడా రాయి. పైడయ్య. ఇంటిపేరుతో సహా రాయి, మల్లీ యేరే పైడయ్య అనుకుంతారు."

సాయిదుర్గ కలం ఆపింది. "తాతా, ఇది పోలీసోళ్ళ కాడికి ఎల్తాది. ఇంత రాయడానికి ఇందులో సోటు కూడా నేదు."

"ఎనకాల కాయితం కాలీగానే ఉన్నాది కదా," అన్నాడు పైడయ్య. "తిప్పి రాయి. తప్పుల్లేకుండా రాయి. నాను సంతకం పెడతాను."