ప్రచండవర్మ మహారాజు గారి మీసం

నేను ఒక మీసాన్ని. నల్లగా, గుబురుగా, రెండు కొసలూ తేలు కొండెల్లా పైకి తిరిగి ఉంటాను. నన్ను చూస్తే ఏడ్చే పిల్లలు నోరు మూస్తారు, మూసుకున్న కుక్కలు తెరుస్తాయి. ఇంత చెప్పుకున్నాక చిన్న సంగతి ఒకటి దాచడం మర్యాద కాదు. నేను మొలిచిన మీసాన్ని కాను, అంటించుకునే మీసాన్ని. అలాగని నన్ను తక్కువ చేయకండి. మొలిచిన మీసాలకు ఆత్మకథలేముంటాయి? ఒకే మూతి మీద పుట్టి, ఆ మూతి మీదే నెరిసి, చివరికి మంగలి కత్తికి ఒరిగిపోతాయి. లోకం చూసినవాళ్ళం మేమే.

నాలో మూడు వంశాలున్నాయి. మొదటిది, పెద్దది, చినమేడూరు మాణిక్యం తల. మాణిక్యం సవరాలు అల్లుతుంది. జడ సన్నబడిన ఆడవాళ్ళంతా పెళ్ళిళ్ళ రోజుల్లో చాటుగా ఆమె ఇంటి వెనక గుమ్మం నుంచి వచ్చి, ముందు గుమ్మం నుంచి బారెడు జడతో దర్జాగా వెళతారు. అలాంటి మనిషి తల మీద పుట్టడం వల్ల నాకు చిన్నప్పటి నుంచీ కొంచెం పొగరు.

మీ మనుషులతో వచ్చిన చిక్కేమిటంటే, మేము ఎక్కడున్నామో చూసి మాకు పేరు పెడతారు. తల మీద ఉన్నంతకాలం నన్ను జుట్టు అన్నారు. మాణిక్యం మొగుడు చెన్నకేశవులు నాటకాల మనిషి కాబట్టి పెళ్ళయిన కొత్తలో ‘నీ కురులు’ అనేవాడు. ఒకసారి ‘కేశపాశం’ అని కూడా అన్నాడు. అదేం జబ్బో అని ఆ పిల్ల రెండు పూటలా తలకు ఆముదం పట్టించింది. అవే కురుల్లో ఒకటి పప్పులో కనబడిన రోజున మాత్రం ‘వెంట్రుక!’ అని కంచం తోసేశాడు. తలకీ కంచానికీ మధ్య జానెడు దూరం ఉంటుందేమో, అంతలోనే కావ్యం కాస్తా కంపరమైపోయింది. తరవాత దువ్వెన పళ్ళలో ఇరుక్కున్నాం. మాణిక్యం మమ్మల్ని ఉండగా చుట్టి చూరులో దోపింది. అప్పటి నుంచి మా పేరు చిక్కు వెంట్రుకలు. సైకిల్ మీద స్టీలు గిన్నెలు వేలాడదీసుకుని వచ్చే మనిషికి మమ్మల్ని ఇస్తే గిన్నె ఇస్తాడు. తిరుపతిలో దేవుడికిస్తే తలనీలాలంటారు, అక్కడ ఎవరూ కంచం తోసెయ్యరు.

నాలో రెండో వంశం పక్కింటి మేకపోతు గడ్డం. ఆ మేకకు గవద కింద ఉంటే గడ్డం, కాస్త పక్కకు జరిగి ఒంటి మీద ఉంటే బొచ్చు. అదే గొర్రె మీదైతే ఉన్ని, గుర్రం మెడ మీదైతే జూలు. మూడో వంశం కొబ్బరి పీచు. మనిషి, మేక, చెట్టు ముగ్గురం ఒక గుడ్డముక్క మీద కాపురం చేస్తున్నాం. మొదట్లో సిగపట్లు పట్టుకున్న మాట నిజమే. ‘మాది వంకాయ ఆకు నూగు దగ్గర నుంచి మొక్కజొన్న పొత్తు పీచు దాకా చుట్టరికం ఉన్న కుటుంబం, మీ మనుషుల్లో కుర్రాళ్ళు మీసం అని మురిసిపోయేదీ మొదట నూగే కదా’ అంటుంది పీచు. దూలగొండికాయ మీది నూగు కూడా మీ చుట్టమేనా అని నేనడిగితే, ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు అంటుంది.

ఇక నేను ఎందుకు పుట్టానో చెప్పాలి.

చెన్నకేశవులుకు పిండిమర ఉంది. అతని చేతుల మీది రోమాలు, కనుబొమలు, కనురెప్పలు ఏడాది పొడుగునా జొన్నపిండితో తెల్లగా ఉంటాయి. మూతి మీద మాత్రం తెల్లబడడానికి ఏమీ లేదు. దేవుడు అక్కడ విత్తనం చల్లడం మరిచిపోయాడు. ఆ నున్నటి మూతి చూసి ఊరి నాటక సమాజం వాళ్ళు అతనికి కుర్రతనంలోనే రాణి మందారమాల వేషం కట్టబెట్టారు. ఆడవాళ్ళు వేషాలకు రాని రోజుల్లో మొదలైన ఏర్పాటు అది. తరవాత రోజులు మారాయి గానీ ఏర్పాటు మారలేదు. కేశవులు కోక కుచ్చిళ్ళు పెట్టుకున్నంత చక్కగా ఊళ్ళో ఏ ఆడదీ పెట్టుకోలేదని పేరు. కానీ అతని మనసంతా ప్రచండవర్మ మహారాజు వేషం మీద ఉండేది. ఆ రాజు పద్యాలన్నీ నోటికి వచ్చు. పిండిమర ఆడుతున్నంతసేపూ ఆ హోరులో పాడుకునేవాడు, ఎవరికీ వినపడదు కాబట్టి.

ఆ వేషం భావనారాయణది. భావనారాయణ మీసం మీద నిమ్మకాయ నిలబెట్టేవాడు. మింగ మెతుకు లేకపోయినా మీసాలకు సంపెంగ నూనె తప్పని రకం. పక్కూరి రాజు వేషగాడు ఒకడు అంటించిన మీసంతో వస్తే, మైకు ముందు నిలబడి, “అంటించుకునేదానికి మీసం స్టాంపు బిళ్ళా? అట్టాంటోడు నా ఎదర రాజునని చెప్పబాకండి!” అన్నాడు. జనం ఈలలు వేశారు. ఆ మాట అతనికి ఎంత నచ్చిందంటే, తరవాత ప్రతి నాటకం ముందూ ఆ మాట అనకుండా తెర ఎత్తనిచ్చేవాడు కాదు.

ఇంతలో అతని గేదెకు ఈత కష్టమైంది. సుఖంగా ఈనితే తిరుపతి వచ్చి గుండు చేయించుకుంటానని భార్యాభర్తలు మొక్కుకున్నారు. గేదె ఈనింది, దూడ లేచింది, వీళ్ళు కొండెక్కారు. క్షురకుడి ముందు కూర్చున్నాక, మీసం వదిలెయ్యమని భావనారాయణ చెప్పబోయాడు. భార్య ఊరుకోలేదు. “మొక్కుకునేటప్పుడు మీసం మినహాయింపని చెప్పావా? దేవుడి కాడ ఎగ్గొట్టి వచ్చినాక దూడకేమన్నా అయితే నీ మీసం పాలిస్తదా?” అంది. భావనారాయణ దూడను తలుచుకుని కళ్ళు మూసుకున్నాడు. అలా ఆ మహా మీసం తలనీలాలలో కలిసిపోయింది.

తిరునాళ్ళు వారంలోకి వచ్చాయి. సమాజం పెద్ద, హార్మోనియం వాయించే కోటిలింగం తల పట్టుకున్నాడు. పెట్టుడు మీసం పెట్టుకుని వేషం కట్టమంటే భావనారాయణకు తన మాటే అడ్డు వచ్చింది. ఊరూరా చెప్పిన మాట, మింగుదామంటే గొంతు దిగదు. అప్పుడు కేశవులు మెల్లగా ముందుకొచ్చి, “నేను కడతానన్నా రాజేషం,” అన్నాడు. మరి రాణి ఎవరు? అందరూ ఒక్కసారి భావనారాయణ వైపు చూశారు. నున్నటి గుండు, నున్నటి మూతి. ఊళ్ళో ఆ సమయానికి అంత నునుపైన మొహం ఇంకొకటి లేదు. అతను నోరు తెరిచేలోపే కోటిలింగం తాంబూలం చేతిలో పెట్టేశాడు.

“ఒరే కేశవులూ, ఒక్క మాట విను,” అన్నాడు కోటిలింగం తరవాత. “స్టేజీ మీద నీ మీసం ఊడిందనుకో, జనం ఒకసారి నవ్వితే మళ్ళీ జన్మలో నిన్ను రాజుగా చూడరు. మళ్ళీ కోకే గతి. ఆలోచించుకో.”

“ఊడితే ముందు నవ్వేది నేనే,” అన్నాడు భావనారాయణ.

కేశవులు ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాడు. సవరాలకని తెచ్చిపెట్టిన జుట్టు ఇంట్లో బోలెడుంది. మాణిక్యం దాన్ని ముట్టుకోలేదు. “ఊరోళ్ళ జుట్టు మా ఆయన మూతి మీదెందుకు?” అని చూరులోంచి తన ఉండలు తీసింది. గిన్నెలవాడు ఆ వారం ఉత్తచేతులతో పోయాడు. మెరుపు కోసం మేకపోతుకు తవుడు పెట్టి, అది తింటుండగా గడ్డం కత్తిరించింది. కొసలు నిలబడడానికి పీచు కలిపింది. చిక్కు తీసి, కుంకుడు రసంతో కడిగి, ఒక్కొక్క పోగూ గుడ్డకు ముడివేసింది. అలా నేను పుట్టాను. నన్ను మొగుడి మూతికి ఆనించి చూసి ఆమె నవ్వలేదు. “బాగుండావయ్యా,” అంది. ఆ మాటకు కేశవులు గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. పిండి పడిందన్నాడు. ఆ రోజు మర ఆడనే లేదు.

అంటించడానికి మాణిక్యం తుమ్మజిగురు తీసుకుంది. మొగుడూ పెళ్ళాం నాకు పరీక్షలు పెట్టారు. కేశవులు నన్ను పెట్టుకుని పులుసన్నం తిన్నాడు. మిరపకాయలు ఆడించి తుమ్మాడు. మేకపోతు వచ్చి వాసన చూసి నన్ను తన గడ్డంగా గుర్తుపట్టి కుమ్మింది కూడా. నేను కదల్లేదు. ఒక్క పరీక్ష మాత్రం పెట్టలేదు. అతను గొంతు దాచుకోవాలని నన్ను పెట్టుకుని గట్టిగా పద్యం పాడి చూడలేదు. పద్యం పాడితే చెమట పడుతుంది. తుమ్మజిగురు తడికి కరుగుతుంది.

తిరునాళ్ళనాడు సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే నాటకం మొదలైంది. రేకుల పందిరి, దాని కింద దీపాలు, దీపాల కింద కిరీటం, కిరీటం కింద కేశవులు, అతని ముక్కు కింద నేను. మొదటి పద్యం అందుకున్నాడు. ఏళ్ళ తరబడి పిండిమర హోరును దాటడానికి పెరిగిన గొంతు అది. జనానికి తెలియదు, మాకూ తెలియదు. చివరి రాగం తీసి నన్ను మెలేసేసరికి పందిరి కింద ఒకటే కేక: “వన్స్ మోర్!”

మా వైపు వన్స్ మోర్ అంటే మళ్ళీ పాడి తీరాల్సిందే. పాడకపోతే అవమానం జనానికి. అతను మళ్ళీ పాడాడు, మళ్ళీ మెలేశాడు. ఒక చెమట చుక్క ముక్కు దగ్గర నుంచి జారి నా నడిమికి దిగింది. రెండో పద్యానికీ వన్స్ మోర్. మూడోదానికి రెండుసార్లు. ఎంత బాగా పాడితే నేను అంత జారుతున్నాను. ఇలాంటి దిక్కుమాలిన పరిస్థితి ఏ మీసానికీ రాకూడదు. మా వాడు బాగా పాడకూడదని నేను మొక్కుకున్నాను. ఎవరికి మొక్కాలో తెలియక తిరుపతి దేవుడికే మొక్కాను, మా వాళ్ళు అక్కడ చాలామంది ఉన్నారు కదా అని. మాణిక్యం ఆడవాళ్ళ వరసలో కూర్చుని నన్నే చూస్తోంది. ఆమె చప్పట్లు కొట్టడం మానేసింది.

ఆఖరి ఘట్టం వచ్చింది. తిరుగుబాటు చేసిన తమ్ముణ్ణి రాజు చంపించబోతాడు. రాణి కాళ్ళ మీద పడి వేడుకుంటుంది. అప్పుడు రాజు మనసు కరిగి క్షమాపణ పద్యం పాడాలి. భావనారాయణ జడకుప్పెలు ఊపుకుంటూ వచ్చి కాళ్ళ మీద పడి, తల ఎత్తి చూశాడు. నా ఎడమ సగం ఊడి గాలికి వేలాడుతోంది. ఇంకో అరనిమిషం పోతే జనం చూస్తారు. నవ్వాల్సిన మనిషి నవ్వలేదు. అన్నేళ్ళు రాజుగా నిలబడ్డ మనిషి కదా, స్టేజీ మీద రాజు మీసం ఊడడం కళ్ళారా చూడలేకపోయాడు.

“మీసం రా, మీసం!” అని పళ్ళ మధ్య నుంచి అని, దిగ్గున లేచి, “నాథా!” అంటూ మహారాజును కౌగిలించుకున్నాడు. కౌగిలి చాటున నన్ను అదిమి అంటిద్దామని అతని ఉద్దేశం. చేతులు రెండూ కేశవులు వీపు మీద ఉన్నాయి కాబట్టి మొహంతోనే అదిమాడు. అతని మొహం నిండా తడి ఆరని రంగు. కేశవులు మూతి మీద చెమట. నేను పట్టు ఎక్కడ దొరికితే అక్కడికి పోయాను.

విడిపడి జనం వైపు తిరిగాడు మందారమాల. పూలజడ, ముక్కుపుడక, దాని కింద నేను, రెండు కొసలూ పైకి తిరిగి.

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత పందిరి కూలిపోయిందనుకున్నాను. మనుషులు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. కోటిలింగం హార్మోనియం మీద తల పెట్టేశాడు, అది ఒకటే స్వరం పట్టి మూలిగింది. “ఒసే మందారమాలా, స్టాంపు బిళ్ళ నీకంటిందేందే!” అని ఎవడో అరిచాడు. భావనారాయణ మూతి తడుముకున్నాడు, నేను చేతికి తగిలాను. కొయ్యబారి నిలబడిపోయాడు.

పక్కన కేశవులు. బోడి మూతి. కోటిలింగం చెప్పిన మాట అతని చెవుల్లో ఉందని ఆ మొహం చూస్తేనే తెలుస్తోంది. లోపలికి పారిపోతాడనుకున్నాను. అతను మాణిక్యం కూర్చున్న వైపు ఒకసారి చూశాడు. చూసి, హార్మోనియం శ్రుతి లేకుండానే, ఆ నవ్వుల మధ్యలోనే క్షమాపణ పద్యం ఎత్తుకున్నాడు.

మొదటి పాదం ఎవరూ వినలేదు. రెండో పాదానికి ముందు వరసల్లో నవ్వు ఆగింది. ఆ పద్యం నేను రాణి మూతి మీద నుంచి చూశాను. రాజు పై పెదవి వణుకుతోంది. నేను గనక అక్కడ ఉండి ఉంటే ఆ వణుకు ఎవరికీ కనిపించేది కాదు, మేమున్నది అందుకే కదా. మూడో పాదానికి పందిరిలో పసిపిల్లలు కూడా ఊరుకున్నారు. భావనారాయణ అదే పద్యాన్ని అన్నేళ్ళూ మీసం మెలేస్తూ పాడాడు, తమ్ముణ్ణి క్షమించినట్టు ఎవరూ ఎప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు ఆ భావనారాయణ కన్నీళ్ళే వచ్చి నా మీద పడ్డాయి. తుమ్మజిగురుకు అవీ తడే. నేను జారి స్టేజీ మీద పడిపోయాను, ఎవరూ చూడలేదు.

పద్యం అయ్యాక చాలాసేపు ఎవరూ వన్స్ మోర్ అనలేదు. తరవాత అందరూ అన్నారు.

ఇంటికి వెళుతుంటే కేశవులు నన్ను చొక్కా జేబులో పెట్టుకుని తల వంచుకుని నడిచాడు. చాలా దూరం పోయాక అడిగాడు.

“మాణిక్యం, నిజం చెప్పు. ఆళ్ళు అరిచింది పద్యానికా, మీసానికా?”

“నీకు మీసం పోయినాకే గదయ్యా ఆ పద్యం పాడావు,” అంది మాణిక్యం. “అప్పుడు ఎవుడన్నా నవ్వాడా?”

కేశవులు ఆలోచించాడు. “లేదు,” అన్నాడు.

“మరింకేం,” అంది ఆమె.

ఆ తరవాత కేశవులు చుట్టుపక్కల ఎన్నో ఊళ్ళలో ప్రచండవర్మ వేషం కట్టాడు, ఎక్కడా మీసం పెట్టలేదు. కొత్త ఊళ్ళలో రాజుకు మీసమేదని ఎవరైనా అడిగితే, పద్యం వినిపించి తరవాత అడగమంటాడు. ఇంతవరకూ రెండోసారి అడిగినవాడు లేడు. నన్ను మాణిక్యం తన దువ్వెన పక్కన గూట్లో పెట్టుకుంది. మేకకు గడ్డం, కొబ్బరికి పీచు, ఆమెకు జుట్టు మళ్ళీ వచ్చాయి. నా ఉద్యోగం మాత్రం ఆ ఒక్క సాయంత్రంతో సరి. నిజం చెప్పాలంటే నాకు బాధ లేదు. వెంట్రుకగా పుట్టాక ఎప్పుడో ఒకప్పుడు ఊడక తప్పదు, నేను సరైన పూట ఊడాను.