గుడిలో దియకిచ్చిన షీల్డు

మా దియకి గుడివాళ్లు షీల్డు ఇస్తామని ఫోన్ చేసిన రోజే కోర్టు నుంచి కవరు కూడా వచ్చింది. రెండూ మంచి వార్తలే. రెండూ కలిసి నా ప్రాణం తోడేశాయి.

ముందు కవరు సంగతి. రెండేళ్ల కిందట, పద్దెనిమిది నిండిన కొత్తలో, మా అమ్మాయి మాల్‌లో ఒక లిప్ గ్లాసూ ఐలైనరూ జేబులో వేసుకుని డబ్బు కట్టకుండా బయటికి నడిచింది. పర్సులో కార్డుంది. పక్కనున్న స్నేహితురాళ్లు ఇదేమంత పని అన్నారట, ఈ మహాతల్లి చేసేసింది. గుమ్మం దగ్గరే పట్టుకున్నారు. పోలీసులు స్టేషన్‌కి తీసుకెళ్లి వేలిముద్రలు తీసుకున్నారు. కాలిఫోర్నియాలో ఈ శాన్ రామన్ ఊళ్లో ఇన్నేళ్లూ తలెత్తుకు తిరిగిన నేను ఆ స్టేషన్ బెంచీ మీద తల దించుకుని కూర్చున్నాను. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. తీరా దాని మొహం చూశాక ఏడుపు ఆగలేదు.

మొదటి తప్పు కాబట్టి డైవర్షన్ ప్రోగ్రాంలో వేశారు. చెప్పిన క్లాసులకు వెళ్లి, ఎక్కడైనా కొన్ని గంటలు ఉచితంగా సేవ చేస్తే కేసు కొట్టేస్తారు. సేవకి గుడి వంటశాల అయితే బాగుంటుందన్నది నేనే. ఇక్కడి మన పిల్లలంతా కాలేజీ అప్లికేషన్ కోసం ఎక్కడో ఒకచోట వాలంటీర్ గంటలు వేయించుకుంటూనే ఉంటారు. ఇంకో పిల్ల వచ్చి కూరగాయలు తరిగితే ఎందుకని ఎవరడుగుతారు? కోర్టు కాగితం మీద సంతకం పెట్టిన గుడి మేనేజరు ఒక్కడికే అసలు సంగతి తెలుసు. ఆయన కాస్తా డాలస్ వెళ్లిపోయాడు. హమ్మయ్య అనుకున్నాను.

కేసు కొట్టేశారు. "అయిపోయిందిగా, ఇంక వదిలెయ్" అన్నాడు మా ఆయన మోహన్. ఎక్కడ అయిపోయింది! దియ హాస్పిటల్ ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేసేటప్పుడు తెలిసింది, కేసు పోయినా అరెస్టు రికార్డు ఉన్నచోటే ఉంటుందని. దాన్ని ఎవరికీ కనబడకుండా సీల్ చేయమని మళ్లీ మనమే వెళ్లి కోర్టును అడగాలట.

ఇక నేను ఊరుకోలేదు. నమ్రత అనే లాయరమ్మాయిని పట్టుకున్నాను. పిటిషన్ కోర్టుకొకటి, పోలీసులకొకటి, ప్రాసిక్యూటర్‌కొకటి పంపాం. ఏదో తేదీ తప్పుందని కోర్టు తిప్పి పంపింది. సరిదిద్ది మళ్లీ పంపాం. ఆఫీసు మీటింగుల మధ్యలో కార్లో కూర్చుని క్లర్కుకి ఫోన్లు చేశాను. చివరికి నా గొంతు వినగానే ఆవిడే "రాగిణి?" అనడం మొదలుపెట్టింది.

"నీ ప్రాజెక్ట్‌లో బగ్స్ కూడా ఇంత పట్టుదలగా ఫిక్స్ చేయవు కదే" అని మోహన్ ఏడిపించేవాడు. నవ్వుకోమన్నాను. నా కూతురి పేరు పక్కన ఆ ముక్క ఉండటానికి వీల్లేదు, అంతే.

అలా వచ్చింది ఆ కవరు. జడ్జి సంతకం పెట్టాడు. "ఇక లీగల్‌గా ఆ అరెస్ట్ జరగనట్టే ఆంటీ. పోలీస్ జాబ్ లాంటి కొన్ని తప్పితే, ఎవరడిగినా నో అని చెప్పొచ్చు" అంది నమ్రత. నేను ఆ కాగితాన్ని దేవుడి దగ్గర పెట్టాను.

సాయంత్రం వంటశాల చూసుకునే పద్మనాభం గారు ఫోన్ చేశారు. ఉగాది ఫంక్షన్‌లో యువసేవ షీల్డు ఈసారి దియకేనట. కోర్టు చెప్పిన గంటలు ఎప్పుడో పూర్తయ్యాయి, అది మాత్రం శనివారాలు మానలేదు. తెల్లారే లేచి వెళ్లి, పసుపు చేతులతో, పులిహోర వాసనతో ఇంటికొచ్చేది. గుడిలో తల్లులంతా దాన్ని చూపించి వాళ్ల పిల్లల్ని దెప్పేవాళ్లు. అందరికంటే రష్మి మరీను. "దియక్కని చూసి నేర్చుకోరా" అని కొడుకు ఆరుష్‌ని నా ఎదుటే సాధించేది. నేను నవ్వి ఊరుకునేదాన్ని.

షీల్డు మాట వినగానే దియ మొహం మాడిపోయింది.

"నేను తీసుకోలేను అమ్మా. లేదంటే స్టేజ్ మీద నిజం చెప్తా."

"నీకు మతి పోయిందా? నేనిన్నాళ్లు కోర్టు చుట్టూ తిరిగింది ఎందుకనుకున్నావ్?"

"నాకోసం. థాంక్యూ. ఐ మీన్ ఇట్." అంది. "కానీ అమ్మా, సీల్ అంటే నేను చెప్పక్కర్లేదు అని. చెప్పకూడదు అని కాదు కదా?"

నేను అరిచాను. పరువన్నాను, పెళ్లన్నాను, నలుగురూ ఏమనుకుంటారన్నాను. అది ఎదురు చెప్పలేదు, వెనక్కీ తగ్గలేదు. "ఆరుష్‌ని అందరి ముందు తిడతారు నా పేరు చెప్పి. వాడు నన్ను చూస్తాడు. నాకు సిగ్గు వేస్తుంది" అంది. ఆ మొండితనం ఎక్కడిదని మోహన్ని అడిగితే, నన్ను ఎగాదిగా చూశాడు.

ఉగాది నాడు ముందు వరసలో కూర్చున్నాను. భయంగానే ఉంది. అయినా వెనక వరసకి మాత్రం పోదలచుకోలేదు. ఏమన్నా అనదలచుకున్నవాళ్లు నా మొహం చూస్తూ అనాలి.

దియ పేరు పిలిచారు. అది షీల్డు అందుకోకుండా మైకు అందుకుంది.

"నేను ఫస్ట్ ఇక్కడికి సేవకి రాలేదు. షాప్‌లో దొంగతనం చేశాను. అరెస్ట్ అయ్యాను. కోర్ట్ పంపిస్తే వచ్చాను. ఆ గంటలు అయిపోయాయి. తర్వాత వచ్చింది మాత్రం నాకు ఇష్టం కాబట్టి. దానికి ఇస్తే తీసుకుంటాను, అంకుల్. లేకపోయినా సాటర్డే వస్తాను."

ఎవరో చెవులు కొరుక్కోవడం వినిపించింది. పద్మనాభం గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు, షీల్డు దాని చేతిలో పెట్టారు. "తప్పకుండా రా తల్లీ" అన్నారు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు కొట్టలేదు. నేను లేచి నిలబడి అరచేతులు మండేదాకా కొట్టాను.

పార్కింగ్‌లో కారు దగ్గరికి వస్తుంటే వెనక నుంచి రష్మి పరుగులాంటి నడకతో వచ్చింది. ఏ మాటైనా అననీ, ఇవాళ దులిపేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆమె అటూ ఇటూ చూసింది.

"రాగిణీ, దియ కేసు చూసిన లాయర్ నంబర్ ఇస్తావా?"

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఆరుష్... పోయిన నెల. హెడ్‌ఫోన్స్. వాళ్ల నాన్నకి కూడా చెప్పలేదు నేను."

దులపాలనుకున్న మాటలన్నీ ఎటు పోయాయో. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"కోర్టు డేట్ ఎప్పుడు?"

"మంగళవారం."

"నేనొస్తాను. ఆఫీసుకి సెలవు పెడతాను. ఒక్కదానివే ఆ బెంచీ మీద కూర్చోవద్దు."

రష్మి ఏడ్చేసింది. దియ షీల్డుని కారు వెనక సీట్లో పడేసి మా దగ్గరికి వచ్చింది.

"సాటర్డే ఆరుష్‌ని పంపండి ఆంటీ," అంది. "నేనుంటా."