మూడు చుక్కల గ్లాసు

అరవై మందికి ఉగ్గాని అంటే మాటలా? తెల్లారకముందే లేచి బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, బుట్టెడు ఎర్రగడ్డలు కోసి, పప్పులపొడి కొట్టేసరికి అక్కమ్మ నడుము పడిపోయింది. "మా ఇంట్లో చేయిస్తాలే" అని సర్వమత సభవాళ్లకు మాటిచ్చినవాడు మొగుడు నారాయణ. మాటదేముంది, నోరుంటే చాలు. పౌరహక్కుల సంఘంలో ఎవరు జైలుకు పోయినా, ఎవరు తిరిగొచ్చినా ముప్పై నాలుగేళ్లుగా సంగటి గెలికింది మాత్రం ఈమే.

ఆయన చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ, ఏళ్ల తరబడి నోట్లో నానుతున్న మాట అడిగేసింది.

"ఏమయ్యా, ఈపొద్దు గ్లాసుల కత చెప్తావు కదా. మన ఇంటి గ్లాసు సంగతి గూడా చెప్పు. ఒక్కసారి చెప్తే చాలు నాకు."

"చూద్దాంలే," అన్నాడాయన గుండీలు పెట్టుకుంటూ.

ఆ ఒక్క మాట పట్టుకుని పిచ్చిది అనంతపురం దాకా ఆటోలో, ఉగ్గాని గిన్నెల మధ్య ఇరుక్కుని, సంబరంగా వచ్చింది.

ఇంట్లో స్టీలు సామాన్లన్నిటి మీదా నారాయణ పేరు కొట్టించి ఉంటుంది. మాదిగవాడ నుంచి కోడలు వచ్చిందని అత్త అంజనమ్మ తన వంట తాను వేరే వండుకుంది. కోడలికి ఒక గ్లాసు విడిగా కొని, తక్కినవాటిలో కలిసిపోకుండా దాని మీద మూడు చుక్కలు కొట్టించి పెరటి గూట్లో పెట్టింది. ఏ ఇంటికి పోయినా అది వెంట తీసుకుపొమ్మంది. "ముసల్ది, ఇంకెన్నాళ్లుంటాది? సర్దుకో," అన్నాడు నారాయణ. ముసలామె ఇరవై రెండేళ్లు ఉంది. పోయి పన్నెండేళ్లయింది. గ్లాసు ఇంకా ఇంట్లో ఉంటే గూట్లో, బయటికి పోతే ఈమె సంచిలో. తీసేయమని ఆయన అనలేదు, ఈమె తీయలేదు. అదే తలుచుకుంటే అక్కమ్మకు తన మీద తనకే అసహ్యం పుడుతుంది.

మైకులో నారాయణ గొంతు ఖంగుమంటోంది. "బెళుగుప్ప దావలో ఒక టీ అంగడి. ఊరోళ్లకు గాజు గ్లాసు, వాడోళ్లకు రేకు గ్లాసు. మేము పోయినాము. రేకు గ్లాసులన్నీ తీసి రోడ్డు మీద పారేసినాము. సాటి మనిషి ఎంగిలికి జంకేటోనికి దేవుడు యాడ కనపడతాడప్పా?"

పాస్టరుగారు తలూపారు. మౌల్వీసాబు శభాష్ అన్నారు. మఠం స్వామి కళ్లొత్తుకున్నారు. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడే చెప్తాడని అక్కమ్మ ఊపిరి బిగబట్టింది.

అప్పుడే టీ వచ్చింది. సభవాళ్ల అమ్మాయి లహరి ట్రే చాచింది. అక్కమ్మ చేయి ట్రే మీదికి పోలేదు. సంచిలోకి పోయి మూడు చుక్కల గ్లాసు బయటికి తీసింది. తీశాక గానీ ఏం చేసిందో ఆమెకే తెలియలేదు.

"ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకున్నావా అవ్వా? ఈడ ఇన్ని ఉండాయి కదా!" లహరి గొంతు కాస్త గట్టిగానే వినపడింది.

తలలు ఇటు తిరిగాయి. నారాయణ కూడా గ్లాసును చూశాడు.

"మా ఆమెకు శుభ్రం ఎక్కువలేండి," అన్నాడు నవ్వుతూ.

హాలంతా నవ్వింది. అక్కమ్మ కూడా నవ్వింది, అలవాటు కొద్దీ. ఇంక అడగడానికి ఆమె దగ్గర ఏమీ మిగల్లేదు. ఏడుపు కూడా రాలేదు.

చప్పట్లయ్యాక, మెడలో దండతోనే వచ్చి పక్కన కూర్చున్నాడు. "గొంతెండిపోయింది. రవ్వన్ని నీళ్లియ్యి."

చేతిలో ఉన్న గ్లాసులోనే నీళ్లు వంచి ఇచ్చింది. కావాలని కాదు, వేరే ఆలోచనే రాలేదు. ఆయన చేయి చాచి, చుక్కలు చూసి, వెనక్కి తీసుకున్నాడు.

"వేరే గ్లాసు లేదా?" అన్నాడు మెల్లగా.

ఈమె గెలికిన సంగటి తిన్నాడు. ఈమె పక్కన పడుకున్నాడు. ముప్పై నాలుగేళ్లూ ఆ గ్లాసు అత్త ఒక్కదాని పట్టింపేనని నమ్మి, చచ్చిన ముసలామెను ఎన్నిసార్లు తిట్టుకుందో!

"ఇదే ఉండాది, నారాయణా," అంది. ఆయన్ని పేరు పెట్టి పిలవడం ఆమెకు అదే మొదలు.

చాచిన గ్లాసు అలాగే పట్టుకుంది. ఆయన చుట్టూ ఒకసారి చూసి, లేచి, లహరి ట్రే వైపు నడిచాడు.