దారి వంటింట్లోంచే

ఓడ కూత వినబడితే పోర్ట్‌బ్లెయర్‌లో అందరికీ పండగ. ఉల్లిపాయలొస్తాయి, ఉత్తరాలొస్తాయి, ఊరి కబుర్లొస్తాయి. దయావతికి మాత్రం గుండెల్లో రాయి పడేది. ఓడ వచ్చిందంటే తన గది పోయిందన్నమాటే.

ఆ రోజుల్లో ఆస్టినాబాద్‌లో ఇళ్లన్నీ చెక్క గోడలవే, పైన రేకులు. వాన పడితే పక్కనున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. దయావతి మొగుడు నెహెమ్యా చాథాం రంపపు మిల్లులో పని చేసేవాడు. కోతలో మిగిలిపోయిన పలకలు చవగ్గా దొరికితే భుజాన వేసుకుని తెచ్చి ఒక గది లేపాడు. ముందు వరండా, వెనక వంటిల్లు. కొత్త కాపురానికి అంతకన్నా ఏం కావాలి?

ఆ గదిలో వాళ్లు కాపురం చేసింది ఒక్క వర్షాకాలం. తర్వాతి ఓడకి గవరయ్య, అతని పెళ్లాం దిగారు. శ్రీకాకుళం వైపు బెస్తవాళ్లు. ఎవరి తాలూకో, ఏ ఊరో నెహెమ్యాకి తెలీదు. జెట్టీలో తెలుగు మాట వినబడిందట, తీసుకొచ్చేశాడు.

"కొత్త దంపతులే, వరండాలో పడుకోమంటామా?" అన్నాడు.

"మరి మనం పాత దంపతులమా?" అంది దయావతి. పెళ్లయి ఏడాది కూడా కాలేదు.

మొగుడూ పెళ్లాం చాప తీసుకుని వరండాలోకి వచ్చారు. గవరయ్య హోప్ టౌన్‌లో గుడిసె వేసుకుని వెళ్లేసరికి, వాళ్ల చాప చల్లారకముందే ఇంకొకళ్లు. అలా అది గవరయ్య గది అయిపోయింది. ఆ తర్వాత అందులో ఎందరున్నా పేరు మాత్రం మారలేదు.

"ఈసారి కట్టేది మనకే" అని ప్రమాణం చేసి నెహెమ్యా రెండో గది కట్టాడు. రేకులు దిగ్గొట్టిన వారానికి మేరమ్మ వచ్చింది, నిండు నెలలతో. ఆవిడ పురుడు అందులోనే వచ్చింది. ఆ గదికీ పేరొచ్చింది. కొన్నేళ్లకి మూడో గది లేచింది. ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని జ్ఞానవతి దిగింది, మొగుడు పోయిన మనిషి. ఆవిణ్ణి చూశాక దయావతి తనే చాప పరిచింది.

ఇల్లు రైలు బండిలా పొడుగు సాగింది కానీ దయావతికి జానెడు చోటు పెరగలేదు. కొడుకు దేవప్రసాద్ ఆ వరండాలోనే పుట్టి, పెరిగి, వండూర్‌లో ఉద్యోగంలో చేరి అక్కడే ఉండిపోయాడు. "ఇల్లు ఇరకటం, ఆలి మరకటం" అని నెహెమ్యా ఒకసారి సరదాకి అన్నాడు. ఆ పూట ఆయన పులుసులో చేప ముక్క పడలేదు.

ఆవిడ కోరింది మేడ కాదు. లోపలినుంచి గడియ పెట్టుకునే గది ఒక్కటి. చీర మార్చుకోవాలంటే వంటింటి మూల గోడవైపు తిరిగి, పొయ్యి పొగలో దగ్గుకుంటూ, ఎవరొస్తారోనని చెవులు రిక్కించి మార్చుకోవడం. ఏడుపొచ్చినా అక్కడే, ప్రార్థనైనా అక్కడే. ఇరవై ఏళ్లు అలా గడిచాయి. ఎన్ని చెప్పినా నెహెమ్యాకి దున్నపోతు మీద వానే.

ఆయన మంకుతనానికి కారణం లేకపోలేదు. అది ఆవిడకీ తెలుసు. వాళ్లిద్దరూ ఈ దీవిలో దిగిన రోజు ఇలాంటి వానే. వస్తానన్న చుట్టం రమణయ్య జెట్టీకి రాలేదు, ఏదో పనిమీద కార్ నికోబార్ దీవికి వెళ్లాడని తర్వాత తెలిసింది. తోటి ప్రయాణికులు ఒక్కొక్కళ్లే తమవాళ్లతో వెళ్లిపోయారు. దయావతి తగరపు పెట్టె మీద కూచుంది, నెహెమ్యా వచ్చిపోయే ప్రతి ముఖాన్నీ చూస్తూ నిలబడ్డాడు. చీకటి పడే వేళకి ఎవరో ముసలాయన, ఈ దీవిలోనే పుట్టినవాడు, గొడుగు పట్టుకుని వచ్చి "చలో బేటీ, ఘర్ చలో" అన్నాడు. ఆ మాటల్లో వాళ్లకి ఒక్కటీ తెలీదు. అయినా లేచి వెళ్లారు.

ఆ తర్వాత దయావతి మళ్లీ జెట్టీ ముఖం చూడలేదు. నెహెమ్యా మాత్రం ఒక్క ఓడ కూడా వదల్లేదు.

నాలుగో గదికి పలకలు పోగయ్యాక దయావతి నడుం బిగించింది. ఇల్లు కట్టి చూడమన్నారు కదా, ఈసారి తనే కట్టి చూస్తుంది. వడ్రంగి యిర్మియాని పిలిపించి, కొబ్బరి ఈనె పుల్లతో పెరట్లో నేలమీద గీసింది.

"ఇదిగో భయ్యా, వంటింటి వెనక ఇంత. కొండవైపు కిటికీ. వరండావైపు తలుపొద్దు, పెరటివైపూ వద్దు. దారి వంటింట్లోంచే."

యిర్మియా చెవి మీద పెన్సిల్ తీసి మళ్లీ అక్కడే పెట్టుకున్నాడు. "పడకగదికి వంటింట్లోంచి దారేంటి దీదీ? లోగ్ హసేంగే!"

"నవ్వనీ. నా వంటింట్లోకి పరాయి మగాడెవడూ అడుగు పెట్టడు. వచ్చినోళ్లని ఈయన అందులోకి ఎలా తోస్తారో నేనూ చూస్తాను."

నెహెమ్యా వరండాలోంచి విని నవ్వాడు. "పెద్ద ఇంజనీరు వచ్చాడయ్యా మా ఇంటికి!" అన్నాడే గానీ అడ్డు చెప్పలేదు. ఇరవై ఏళ్ల ప్రమాణాలు ఆయనకీ గుర్తున్నట్టున్నాయి.

గది పూర్తయింది. పడౌక్ చెక్క తలుపు, నున్నటి ఇనుప గడియ. దయావతి తన తగరపు పెట్టె తెచ్చి కిటికీ కింద పెట్టింది. తలుపు మూసి గడియ వేసింది. వేశాక ఏం చెయ్యాలో తోచలేదు. చీర మార్చుకుంది. కట్టుకున్నది మాసిపోయిందేం కాదు, అయినా మార్చుకుంది. ఇంత సుఖం ఉంటుందా అనుకుంది. ఆ వారమంతా ఆవిడ రోజుకి మూడు చీరలు కట్టింది. జ్ఞానవతి నోరు నొక్కుకుంది.

నెల తిరక్కుండా ఓడ కూసింది. నెహెమ్యాకి ఆ రోజు చలిజ్వరం. కొత్త గదిలో దుప్పటి కప్పుకుని వణుకుతూనే లేచి చొక్కా వెతుక్కుంటున్నాడు.

"పడుకోండి. మీరు వెళ్లకపోతే ఓడ వెనక్కి పోదు."

"ఎవరైనా ఉంటారే, దయా. ఒకసారి చూసి రావాలి."

"నేను వెళ్లొస్తాను" అంది. ఆయన నమ్మలేనట్టు చూసి పడుకున్నాడు.

నిజానికి ఆవిడ లెక్క వేరే. మిగతా మూడు గదులూ కిటకిటలాడుతున్నాయి. ఇప్పుడు ఎవరొచ్చినా మిగిలింది తన గదే. జెట్టీ మలుపు దాకా వెళ్లి, ఎవరూ లేరని చెప్పేస్తే సరి. అది అబద్ధమెలా అవుతుంది, చూడకపోతే ఎవరూ లేనట్టే కదా!

కానీ మలుపు దగ్గర కాళ్లు ఆగాయి గానీ కళ్లు ఆగలేదు. వాన సన్నగా పడుతోంది. జెట్టీ దాదాపు ఖాళీ అయిపోయింది. రేకుల షెడ్డు కింద ఒక పిల్ల తగరపు పెట్టె మీద కూచుని ఉంది. పక్కన కుర్రాడు నిలబడి, వచ్చిపోయే ప్రతి ముఖాన్నీ చూస్తున్నాడు. ఒక్కో ముఖం దాటిపోతుంటే వాడి ముఖం కాస్త కాస్త చిన్నబోతోంది.

దయావతి గిరుక్కున వెనక్కి తిరిగింది. టీ కొట్టు దాకా నడిచింది. ఎవళ్ల తాలూకో ఏంటో, వాళ్లవాళ్లు వస్తూంటారు, ఆలస్యమైందేమో అనుకుంది. అక్కడ, ఎందుకో, ఆనాడు తమని ఇంటికి తీసుకెళ్లిన ముసలాయన భార్య గుర్తొచ్చింది. ఆ రాత్రి ఆవిడ తన మంచం దులిపి, శుభ్రమైన దుప్పటి పరిచి, దయావతి తల నిమిరి వెళ్లింది. ఆవిడ వెళ్లి ఎక్కడ పడుకుంది? ఇన్నేళ్లలో ఆ సంగతి దయావతికి ఒక్కసారీ తట్టలేదు.

వెనక్కి తిరిగి షెడ్డు దాకా వచ్చింది. "ఏ ఊరమ్మా?" అని అడిగింది.

పిల్ల బిత్తరపోయి చూసింది. కుర్రాడేదో అన్నాడు. తెలుగు కాదు, బెంగాలీలా ఉంది. నెహెమ్యా అయినా తెలుగువాళ్లనే తెచ్చేవాడు. ఇంకేం, హమ్మయ్య అనుకుని వెళ్లిపోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

ఆవిడ గొడుగు పిల్ల మీదికి వంచింది. "చలో బేటీ" అంది. "ఘర్ చలో."

అర్థమైందో లేదో, ఆ పిల్ల లేచి నిలబడింది.

ఇల్లు చేరేసరికి ముగ్గురూ తడిసి ముద్దయ్యారు. తలుపు చప్పుడుకి నెహెమ్యా దుప్పటి కప్పుకుని వంటింట్లోకి వచ్చాడు. వాళ్లని చూశాడు, పెళ్లాన్ని చూశాడు. తన తలగడ తీసుకుని వరండాలోకి నడిచాడు.

కుర్రాడు వంటింటి గడప దగ్గర ఆగిపోయాడు. ఆడవాళ్ల వంటిల్లు, అడుగు పెట్టాలా వద్దా అని తటపటాయిస్తున్నాడు.

"ఆజా బేటా, రాస్తా ఇధర్ సే హీ హై" అంది దయావతి. "దారి వంటింట్లోంచే. తల జాగ్రత్త."

ఇద్దర్నీ లోపలికి తీసుకెళ్లి మంచం దులిపింది. ఉతికిన దుప్పటి పరిచింది. తన పెట్టెలోంచి పొడి చీర ఒకటి పిల్ల చేతిలో పెట్టి, తనకొకటి తీసుకుంది. గడియ ఎలా వెయ్యాలో రెండుసార్లు వేసి చూపించింది. బయటికి వచ్చాక వెనకాల గడియ పడ్డ చప్పుడు వినబడేదాకా అక్కడే నిలబడింది.

"దయా!" నెహెమ్యా వరండాలోంచి కేకేశాడు. "పడమటి వైపు ఇంకా కాస్త చోటుందే!"

"ముందు జ్వరం తగ్గించుకోండి" అంది దయావతి.

పొయ్యిలో పుల్లలు ఎగదోసి, గంజి ఎసరు పెట్టింది. తర్వాత పాత మూలకి వెళ్లి, గోడవైపు తిరిగి, పొగలో దగ్గుకుంటూ తడి చీర మార్చుకుంది.